సింహావలోకనము: ఆటయు, మాటయు

సింహము అడవిలో నడచుచు నడచుచు మధ్య మధ్య ఆగి, మెడ త్రిప్పి, తాను వచ్చిన దారిని ఒకసారి చూచునని మన పెద్దలు చెప్పుదురు. దానిని బట్టియే, జరిగిన దానిని మరల పరిశీలించుటకు సింహావలోకనము అను పేరు వచ్చినది. ఒంటరిగా చేయు సింహావలోకనము అంత కష్టమైనది కాదు. రాత్రి పడుకొనబోవు ముందు ఎవరికి వారు దినమంతయు తలచుకొనవచ్చును. కాని పదిమంది కలిసి చేసిన పనిని ఆ పదిమందియు ఒకచోట కూర్చుండి వెనుదిరిగి చూచుట మాత్రము కష్టమే. ఆ పదిమందిలో ఒకరు పెద్ద, ఒకరు చిన్న. ఒకరి మాట చెల్లును, ఒకరి మాట చెల్లదు. పొరపాటు ఎక్కడ జరిగినదో చాలమందికి తెలిసియే యుండును. తెలిసినను చెప్పుటకు నోరు రాదు.

నేడు హైదరాబాదు, విశాఖపట్నము వంటి నగరములలో కంప్యూటరు కార్యక్రమములను తయారుచేయు బృందములు రెండు మూడు వారముల కొకసారి ఇట్టి సమావేశము జరుపుకొనుట వాడుకలో ఉన్నది. దానిని వారు రిట్రాస్పెక్టివ్ అని పిలుచుచున్నారు. కొన్ని బృందములలో గోడమీద ఒక ఓడ బొమ్మ గీయుదురు. తెరచాపను నింపు గాలి దగ్గర తమ పనికి తోడ్పడినవానిని, లంగరు దగ్గర తమను వెనుకకు లాగినవానిని, నీటి రాళ్ల దగ్గర ముందున్న అపాయములను చిన్న చిన్న కాగితములమీద వ్రాసి అంటింతురు. బయటివారు చూచిన, పెద్దలు పిల్లల ఆట ఆడుచున్నారని నవ్వుకొనవచ్చును. కాని ఈ ఆటకు వెనుక చాల పెద్ద చరిత్ర ఉన్నది. అందులో కొన్ని ఘట్టములను మాత్రమే ఇక్కడ మనవి చేయదలచినాము.

మొదటి ఘట్టము బుద్ధుని కాలమునాటిది. వర్షాకాలమున మూడు నెలలు భిక్షువులు సంచారము మాని ఒకచోట నివసింపవలెనని నియమము. వినయపిటకములోని మహావగ్గమున ఒక కథ కలదు. కోసల దేశమున కొందరు భిక్షువులు, కలిసి ఉండి మాట్లాడుకొన్నచో తగవులు వచ్చునని భయపడి, మూడు నెలలును మౌనముగా గడపిరట. వర్షాకాలము తీరిన పిమ్మట బుద్ధుని దర్శించి, తాము ఏ పొరపొచ్చెములు లేక సుఖముగా ఉంటిమని చెప్పుకొనిరట. బుద్ధుడు మెచ్చుకొనలేదు. పశువులవలె ఒకచోట పడియుండి, అదియే సుఖమనుకొనుచున్నారా యని మందలించి, ప్రవారణ అను విధిని ఏర్పరచినాడు.

ఆ విధి ఇట్టిది. వర్షావాసము ముగిసిన పున్నమినాడు సంఘమంతయు కూడును. అందరికంటె పెద్దవాడైన భిక్షువు ముందుగా ఉత్తరీయమును ఒక భుజముపై వేసికొని, గొంతుకూర్చుండి, చేతులు జోడించి సంఘమును ప్రార్థించును. ఈ మూడు నెలలలో నాయందు ఏ దోషమైనను మీరు కన్నదిగాని, విన్నదిగాని, అనుమానించినదిగాని ఉన్నచో దయతో చెప్పుడు, తెలిసికొని దిద్దుకొందును అను అర్థము వచ్చునట్లు మూడుమార్లు పలుకును. తరువాత వయసు క్రమమున ఒక్కొక్కరును అట్లే పలుకుదురు. సంయుత్తనికాయములో, శ్రావస్తి నగరమున పూర్వారామమందు ఒక పున్నమి రాత్రి బుద్ధుడే ఐదువందల భిక్షువుల యెదుట, నా మాటలోగాని చేతలోగాని నిందింపదగినది ఏదైన ఉన్నదా యని అడిగినట్లు కలదు. అడుగుటకు గురువు మొదట సిద్ధపడినాడు. శిష్యులవంతు తరువాత వచ్చినది. ఈ క్రమమును మనము మరువరాదు.

ఈ విధి మన నేలకును పరాయిది కాదు. క్రీస్తు తరువాత 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకుల ఏలుబడిలో కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయయందు ముప్పదికి మించిన బౌద్ధ నిర్మాణములు వెలసినవి. అచ్చటి విహారములలో నడుమ రాతి స్తంభముల మండపము, చుట్టును భిక్షువుల గదులు కనబడినవి. వర్షావాసము గడపిన ప్రతి సంఘమునకును ప్రవారణ విధియే గనుక, ఆ మండపములు ఆ ప్రార్థనను ఎన్నో పున్నములు వినియుండును. సాగరు జలాశయమున ఆ లోయ మునుగుటకు ముందు త్రవ్వి తీసిన కట్టడములలో కొన్నింటిని కొండమీదను, అనుపులోను మరల నిలిపినారు. నేడు అక్కడికి పోవువారు, ఖాళీ మండపమును చూచినపుడు, అది ఒకప్పుడు పెద్దలు చిన్నవారి యెదుట చేతులు జోడించిన చోటని ఒక్క క్షణము తలచుకొనవచ్చును.

ప్రవారణలో సత్యమునకు చోటున్నది గాని, నవ్వునకు చోటు లేదు. భిక్షువులకు అది చాలును. సంసారులకు, కూలినాలి చేసికొను వారికి, ఉద్యోగులకు అంతటి నిష్ఠ సాధ్యము కాదు. ప్రభువు ముఖముమీద సూటిగా చెప్పలేని దానిని వేషము వేసికొని చెప్పుట వారు నేర్చినారు. మాచుపల్లి కైఫియతులో ఇందుకు ఒక చక్కని సాక్ష్యమున్నది. సిద్ధవటము ప్రాంతమును ఏలుచుండిన సమ్మెట గురవరాజు ధనముకొరకు ప్రజలను, స్త్రీలను సైతము, క్రూరముగా హింసించుచుండెనట. ఆ దారిన వచ్చిన కూచిపూడి భాగవతులు దానిని కన్నులార చూచి, విజయనగరమునకు పోయి, రాయల సమ్ముఖమున ఆ హింసనే నాటకముగా ఆడి చూపిరట. రాయలు విషయము గ్రహించి గురవరాజును దండించెనని కథనము. విన్నపము వ్రాసికొని పోయినచో ఆ భాగవతుల గతి ఏమయ్యెడిదో మనము ఊహింపగలము. ఆట అనునది అక్కడ అలంకారము కాదు, అది కవచము.

తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు చేసినదియు ఇట్టి పనియే. రామాయణ కథ నడుచుచుండగా నడుమ వారు ప్రవేశించి ఊరి ముచ్చట్లు ఎత్తుకొందురు. ఊరిపెద్దకు చురక తగిలినను, బొమ్మ అన్న మాటకు కోపగించుకొన్నచో నవ్వులపాలగుదునని అతడును నలుగురితో కలిసి నవ్వవలసినదే.

ఇక, ఒకే బృందమునకు చెందినవారు తమ పనినే తాము ఆటగా చూచుకొన్న ఉదాహరణములు కావలెనన్నచో, ధ్రువయాత్రల చరిత్రకు మించినది మరియొకటి లేదు. కొద్దిమంది మనుష్యులు, ఒక ఓడ లేక ఒక గుడిసె, నెలల తరబడి సూర్యుడు ఉదయింపని చీకటి, బయటకు పోవుటకు వీలులేని చలి. పని సగములో ఉన్నది. కొట్లాడుకొన్నచో విడిపోవుటకు దారి లేదు. అట్టిచోట మనుష్యులు కలిసి ఎట్లు బ్రతికినారు?

1819లో బ్రిటిషు నౌకాధికారి విలియం ఎడ్వర్డు ప్యారీ, వాయవ్య జలమార్గమును వెదకుచు హెక్లా, గ్రైపర్ అను రెండు ఓడలతో ఉత్తర ధ్రువ సముద్రమున ప్రవేశించి, మెల్విల్ ద్వీపమువద్ద మంచులో చిక్కుపడి, ఆ శీతకాలమంతయు అక్కడనే గడపినాడు. సూర్యుడు దాదాపు మూడు నెలలు కనబడలేదు. మనుష్యుల మనస్సులు కృంగిపోవునని ముందుగనే గ్రహించి, ఆయన రెండు ఏర్పాట్లు చేసినాడు. ఒకటి నాటకములు. రెండవది ఒక వారపత్రిక. దానికి నార్త్ జార్జియా గెజిట్ అండ్ వింటర్ క్రానికిల్ అని పేరు. ఖగోళ పరిశీలకుడుగా వచ్చిన ఎడ్వర్డు సబైన్ సంపాదకుడు. నవంబరు నుండి 21 సంచికలు వెలువడినవి. వ్రాసినవారు మారుపేర్లతో తమ ఓడలోని సంగతులనే వేళాకోళముగా వ్రాసినారు. ఒక ఓడలో ఇట్టి పత్రిక నడపుట ప్రమాదకరమని, ఎవరి మనస్సైనను నొచ్చుననియు ప్యారీ ఎరుగును. అయినను తన సహచరుల విచక్షణను నమ్మి అనుమతించితినని తన గ్రంథములో వ్రాసికొన్నాడు. చిన్న చిక్కు లేకపోలేదు. ఏమియు వ్రాయక ఊరకున్న వారిని గూర్చి పత్రికలో ఎకసెక్కెములు సాగినవి. ఆట అనునది ఇష్టముతో ఆడవలసినదే గాని, ఆడనివానిని పట్టి లాగుట తగదని ఇప్పటికిని అది హెచ్చరికయే.

ఆ సంవత్సరము క్రిస్మసు సమీపించుచుండగా ప్యారీ స్వయముగా ఒక సంగీత నాటిక వ్రాసి ఆడించినాడు. దాని ఇతివృత్తము వారి యాత్రయే. యాత్ర విజయవంతముగా ముగిసినట్లును, తాము ఇల్లు చేరినట్లును అందు చూపబడినది. మంచులో చిక్కుకొని యున్నవారు, పని ముగిసిన దినమునకు ముందే పోయి నిలుచుండి, అక్కడి నుండి వెనుకకు చూచుకొన్నారన్నమాట. 1820 వేసవిలో మంచు విడిపోగా రెండు ఓడలును స్వదేశము చేరినవి. పత్రిక 1821లో లండనులో అచ్చయినది.

ఆ సంప్రదాయమే ఎనుబది ఏండ్ల తరువాత దక్షిణ ధ్రువమునకు పోయినది. 1901 నుండి 1904 వరకు నడచిన డిస్కవరీ యాత్రలో రాబర్టు స్కాట్ నాయకత్వమున సౌత్ పోలార్ టైమ్స్ అను పత్రిక వెలసినది. 1902 ఏప్రిలు 23వ తేదీన, సూర్యుడు అస్తమించి నాలుగు నెలల చీకటి ఆరంభమగు వేళ, తొలి సంచిక వెలువడినది. ఎర్నెస్టు షాకిల్టన్ సంపాదకుడు, ఎడ్వర్డు విల్సన్ చిత్రకారుడు. టైపు చేసిన ఒకే ఒక్క ప్రతి. అది చేతులు మారుచు అందరును చదువుకొనెడివారు. అధికారులే గాక, క్రింది తరగతి నావికులు కూడ మారుపేర్లతో వ్రాసినారు. నాటి బ్రిటిషు నౌకాదళములో నావికుడు అధికారిని గూర్చి హాస్యమాడుట సామాన్య విషయము కాదు. పత్రిక పుటలలో మాత్రము అది చెల్లినది. సంపాదకుడు త్రోసిపుచ్చిన రచనలకై బ్లిజర్డ్ అను మరియొక పత్రిక కూడ పుట్టి, ఒక్క సంచికతో ముగిసినది.

స్కాట్ రెండవ యాత్రలో 1911 జూను 22వ తేదీ శీతకాలపు నడిమి దినము. కేప్ ఎవాన్స్‌లోని గుడిసెలో 25 మంది ఉన్నారు. ఉత్తరార్ధగోళమున క్రిస్మసు ఎట్టిదో దక్షిణ ధ్రువవాసులకు ఆ దినము అట్టిది. ఇక మీదట ప్రతి దినమును వెలుతురుకు దగ్గర చేయును. గుడిసె నిండ స్లెడ్జి బండ్ల పతాకములు వ్రేలాడదీసినారు. సీలు మాంసపు సూపు మొదలుకొని ప్లమ్ పుడ్డింగు వరకు విందు సాగినది. సౌత్ పోలార్ టైమ్స్ క్రొత్త సంచిక వెలువడినది. ఈసారి సంపాదకుడు చెర్రీ గరార్డు. ఏ రచన ఎవరిదో కనిపెట్టుట అందరికిని ఒక వినోదము. ఛాయాచిత్రకారుడు హెర్బర్టు పాంటింగ్, అంతవరకు తాను తీసిన చిత్రములను మ్యాజిక్ లాంతరుతో తెరపై చూపినాడు. తమ ఆరు నెలల శ్రమను తామే ప్రేక్షకులై చూచుకొన్నారు. అంతలో, పూర్వము రాయల్ ఇండియన్ మెరైన్‌లో పనిచేసి వచ్చిన బవర్స్, కర్రలకు స్కువా పక్షుల ఈకలు కట్టి చేసిన క్రిస్మసు చెట్టును మోసికొని ప్రవేశించినాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న బహుమానము దొరకినది. గంభీరుడైన ఓట్స్‌కు ఒక ఆట తుపాకి వచ్చినది. దానితో ఎదురైనవారిని కాల్చుచు, కాల్చినప్పుడెల్ల తన సంతోషముకొరకు క్రింద పడుమని బ్రతిమాలుచు ఆ రాత్రియంతయు తిరిగినాడట.

విందు నడుమ స్కాట్ యాత్రా విజయమును కోరుచు మాట్లాడి, ఒక్కొక్కరిని మాట్లాడుమని కోరినాడు. అందరును మాట్లాడినారు. మాటలు క్లుప్తముగా, వినయముగా ఉన్నవి. నాయకుని యెడల కృతజ్ఞతయే వానిలో ప్రధానముగా వినవచ్చెనని స్కాట్ దినచర్యయే చెప్పుచున్నది.

ఇక్కడ మనము కొంత ఆగి ఆలోచింపవలెను. ఆ విందుకు నాలుగు నెలల ముందు, 1911 ఫిబ్రవరిలో, మరుసటి యేటి ధ్రువయాత్రకై మంచు మైదానములో ఆహారమును, చమురును నిలువచేయు పని జరిగినది. 80వ అక్షాంశమున ఉంచవలెననుకొన్న పెద్ద నిలువను, గుర్రములు అలసిపోవుటచే, అంతకు ముప్పది మైళ్లకు మించి ఇవతలనే ఉంచినారు. దానికే వన్ టన్ డిపో అని పేరు. గుర్రములు కూలినను సరే, ముందుకు నడపుదమని ఓట్స్ చెప్పెననియు, మూగజీవముల బాధ చూడలేక స్కాట్ అంగీకరింపలేదనియు చరిత్రకారులు వ్రాసినారు. 1912 మార్చిలో ధ్రువము నుండి తిరిగి వచ్చుచు స్కాట్, విల్సన్, బవర్స్ తమ గుడారములో మరణించినారు. ఆ గుడారము వన్ టన్ డిపోకు 11 మైళ్ల దూరములో ఉన్నది. ఓట్స్ అంతకు ముందే, తన వలన సహచరులకు ఆలస్యము కాకుండ, తుఫానులోనికి నడచి వెళ్లిపోయినాడు.

నిలువ మరి కొంత దక్షిణముగా ఉన్నచో వారు బ్రతికియుందురా అన్న ప్రశ్నపై నేటికిని వాదములున్నవి. ఆ వాదము మనకు అక్కరలేదు. మనకు కావలసినది వేరు. జూను 22వ తేదీ రాత్రి ఆ గుడిసెలో నవ్వు ఉన్నది, స్నేహమున్నది, ఆట తుపాకి ఉన్నది. ఆ రాత్రి వర్ణనలలో వినబడనిది ఒక్కటే: ఫిబ్రవరిలో మనము చేసిన దానిలో మార్చవలసినది ఏమి అన్న ప్రశ్న. ఆ మరుసటి వేసవికి ముందు అడుగుటకు కావలసినంత వ్యవధియు, నలుగురు కూడిన వేళయు వారికి ఉండినవి. ప్రవారణలో మాట ఉన్నది, ఆట లేదు. ఈ విందులో ఆట ఉన్నది, మాట లేదు.

అయితే అదే గుడిసెలో మరుసటి శీతకాలమున ఆ మాటయు పుట్టినది. 1912లో మిగిలిన 13 మంది, డాక్టరు అట్కిన్‌సన్ నాయకత్వమున మరల చీకటిలో కూర్చున్నారు. స్కాట్ బృందము మరణించినదని వారికి నిశ్చయముగా తోచినది. క్యాంప్‌బెల్ నాయకత్వమున ఉత్తరముగా పోయిన ఆరుగురు బ్రతికి ఉన్నారో లేదో తెలియదు. వసంతము రాగానే ఎటు పోవలెను? బ్రతికియున్నవారికొరకా, మరణించినవారి కథ తెలిసికొనుటకా? అట్కిన్‌సన్ ఆజ్ఞాపింపలేదు. అందరిని పిలిచి, విషయమంతయు విప్పి చెప్పి, ఒక్కొక్కరి అభిప్రాయము అడిగినాడు. ఒక్కరు ఏ పక్షమునను చేరక ఊరకుండిరి. తక్కినవారందరును దక్షిణమునకే పోవలెననిరి. ఆ చీకటిలోనే సౌత్ పోలార్ టైమ్స్ మరియొక సంచికయు సిద్ధమైనది. అక్టోబరులో వారు, భారతదేశము నుండి వచ్చిన కంచరగాడిదలను కూడ తోడు తీసికొని బయలుదేరి, నవంబరు 12న గుడారమును, స్కాట్ దినచర్యలను కనుగొన్నారు. క్యాంప్‌బెల్ బృందము తమంతట తామే క్షేమముగా తిరిగి వచ్చినది. ఆ సమావేశము లేకున్నచో స్కాట్ వ్రాత ఆ మంచులోనే పూడిపోయెడిదేమో.

20వ శతాబ్ది చివరి భాగమున ఈ పద్ధతి ఒక శాస్త్రముగా రూపుగట్టినది. కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఇర్విన్ ఎడారిలో అమెరికా సైన్యము 1980 తరువాత ఒక శిక్షణ కేంద్రమును నడపినది. అక్కడి యుద్ధము నిజమైన యుద్ధము కాదు. గుండ్లకు బదులు లేసరు కిరణములు. తగిలిన సైనికుడు చచ్చినట్లు లెక్క. అది ముగిసిన వెంటనే అందరును ఒకచోట కూర్చుందురు. ఏమి జరుగవలెననుకొన్నాము, ఏమి జరిగినది, ఎందుకు అట్లు జరిగినది, ఈసారి ఏమి చేయుదము అను నాలుగు ప్రశ్నలు. జవాబు చెప్పుటలో హోదా అడ్డురాదు. సేనాని చేసిన పొరపాటును సిపాయి చెప్పవచ్చును. దీనికి ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ అని పేరు. ఉత్తుత్తి యుద్ధములో ఓడిపోవుటవలన ప్రాణము పోదు గనుకనే, ఓటమిని గూర్చి నిజము మాట్లాడుట అక్కడ సులభమైనది.

కంప్యూటరు రంగమున ఈ విద్యకు ప్రచారము తెచ్చినవారిలో నార్మన్ కెర్త్ ముఖ్యుడు. 2001లో ఆయన వ్రాసిన గ్రంథములో ఒక మూలసూత్రమున్నది. నాడు తమకు తెలిసినంతలో, తమ చేతనైనంతలో, ఆ పరిస్థితులలో అందరును మంచిగనే పని చేసినారని ముందుగా నమ్మి, ఆ తరువాతనే వెనుకకు చూడవలెనని దాని సారము. ఆ సంవత్సరముననే అమెరికాలోని యూటా రాష్ట్రమున 17 మంది నిపుణులు కూడి ప్రకటించిన అజైల్ సిద్ధాంతములలో, బృందము నియమిత కాలములలో తన పనితీరును తానే పరిశీలించుకొని సవరించుకొనవలెనని చేర్చినారు. 2006లో ఎస్తేర్ డెర్బీ, డయానా లార్సెన్ ఇట్టి సమావేశములను నడుపు పద్ధతిపై గ్రంథము వ్రాసినారు. లూక్ హోమన్ అను నిపుణుడు, ఓడను వెనుకకు లాగు లంగరులను కాగితములమీద వ్రాయించు ఆటను ప్రచారము చేసినాడు. మంచులో చిక్కిన ఓడలో పుట్టిన వినోదము, రెండువందల యేండ్లు తిరిగి, గోడమీది కాగితపు ఓడగా మనకు ప్రత్యక్షమైనది.

ఓడ బొమ్మయే కావలెనను నియమము లేదు. మన ఇండ్లలో అంతకంటె చక్కని పటము ఉండనే ఉన్నది. అది వైకుంఠపాళి. ఒక పాఠశాల వారు వార్షికోత్సవము ముగిసిన మరునాడు కూడినారనుకొందము. గోడమీద వైకుంఠపాళి పటము పెద్దదిగా గీయవలెను. అందరికిని చిన్న కాగితములు పంచి, పది నిమిషములు ఎవరును మాట్లాడక వ్రాయవలెను. మనలను పైకెక్కించినది ఏదియో అది నిచ్చెన దగ్గర. మనలను మ్రింగినది ఏదియో అది పాము దగ్గర. పేరు వ్రాయనక్కరలేదు. భోజనములు వేళకు వడ్డింపబడినవి, అది నిచ్చెన. నాటకము నడుమ మైకు మూగవోయినది, అది పాము. బహుమతుల పట్టికలో ఒక పిల్లవాని పేరు తప్పిపోయి వాడు ఏడ్చుచు ఇంటికి పోయినాడు. అది, అందరును చూచియు ఎవరును ఎత్తని పెద్ద పాము. పైవరుసలో, వైకుంఠమునకు చేరువలోనే, పెద్ద పాము కాచుకొని యుండునని ఆ ఆట ఆడిన ప్రతి పిల్లవానికిని తెలియును. పని ముగింపుకు వచ్చినదని ఏమరుపాటు కలుగు చోటు అదియే.

ఈ పటములో ఒక ఉపకారమున్నది. వైకుంఠపాళి ఆడువాడు పాము నోట పడినపుడు ఎవరును వానిని తిట్టరు. గవ్వలు అట్లు పడినవి, ఆ గడిలో పాము ఉన్నది, అంతే. పట్టిక వ్రాసిన గుమాస్తా ఎవరని అడుగుటకు బదులు, పట్టికను ఒక్కరే వ్రాసి ఒక్కరే సరిచూచు ఏర్పాటు ఎందుకున్నదని అడిగినచో, మరుసటి యేడు ఆ గడిలో పాము ఉండదు. గుమాస్తాను మార్చినచో, పాము అక్కడనే ఉండి క్రొత్త గుమాస్తాను మ్రింగును.

ఉగాదినాడు కూడినవారు పచ్చడిలోని ఆరు రుచులను తీసికొనవచ్చును. తీపి ఏది, చేదు ఏది, కారము ఎక్కడ తగిలినది అని అడిగినచో, చేదును చెప్పుట మర్యాద తప్పినట్లు కాదు. చేదు లేనిది పచ్చడియే కాదు గదా. సంక్రాంతికి గాలిపటము తీసికొనవచ్చును. గాలి ఏది, దారము ఏది, పటము చిక్కుకొన్న చెట్టుకొమ్మ ఏది? వేషము ఏదైనను కొన్ని నియమములు తప్పరాదు.

మొదటిది, పెద్ద తన దోషమును ముందుగా అడుగవలెను. తన అభిప్రాయమును చివర చెప్పవలెను. పెద్ద నోరు ముందు తెరచి తీర్పు చెప్పినచో, తరువాత వచ్చునవన్నియు తాళములే. రెండవది, ఆట గంటసేపు సాగినను, ముగింపున ఒకటి రెండు పనులే ఎన్నుకొని, ఏది ఎవరు ఎప్పటికి చేయవలెనో వ్రాసికొనవలెను. ఇరువది సంకల్పములు చేసికొన్నవారు ఒక్కటియు నెరవేర్పరు. మూడవది, మరుసటి సమావేశము ఆ కాగితముతోనే ఆరంభము కావలెను. నాలుగవది, ఆట ఎవరికి నొప్పి కలిగించునో వారిని బలవంతపెట్టరాదు. ప్రమాదమో, మరణమో జరిగిన పిమ్మట కూడినపుడు ఓడ బొమ్మలును, గాలిపటములును ప్రక్కన పెట్టి, అట్కిన్‌సన్ చేసినట్లు, ఊరక కూర్చుండి అడుగుటయే తగినది.

మా రేడియో వారికి ఈ కథలో మరియొక ముచ్చట కలదు. 1955 నుండి బి.బి.సి. వారు ప్రతి సంవత్సరము జూనులో, శీతకాలపు నడిమి దినమున, అంటార్కిటికాలో ఉన్న బ్రిటిషు పరిశోధకులకై ఒక ప్రత్యేక ప్రసారము చేయుచున్నారు. ఇంటివారి పలుకులు, కోరిన పాటలు ఆ కొద్దిమందికొరకే గాలిలో పోవును. మన దేశము వారును 1984లో దక్షిణ గంగోత్రి కేంద్రమున తొలి శీతకాలము గడపినారు. 1989లో మైత్రి, 2012లో భారతి కేంద్రములు వెలసినవి. జూను నడిమి దినమున అంటార్కిటికాలోని పలు దేశముల కేంద్రములవారు ఒకరికొకరు శుభాకాంక్షలు పంపుకొందురు. అందు మన కేంద్రములును చేరినవి. ఒక శతాబ్దికి పూర్వము ఈకల చెట్టుతో జరిగిన విందు ఇప్పటికిని ఆ ఖండమున ఆగలేదు.

పని ముగిసిన పిమ్మట ఒకచోట కూడి నవ్వుకొనుట మన ఊళ్లలో క్రొత్తది కాదు. కుప్పనూర్పులైన తరువాత కళ్లములో, పెండ్లి పందిరి విప్పిన తరువాత వంటశాలలో, ఏమి ఎట్లు జరిగినదో చెప్పుకొని నవ్వుకొనుచునే ఉన్నాము. అక్కడ అందరికంటె చిన్నవాడు కూడ తాను చూచినది చెప్పగలిగినచో, పెద్దలు అది విని వచ్చు పనిలో దిద్దుకొన్నచో, దానికి వేరొక పేరు అక్కరలేదు. ఆ నవ్వులో ఆ ఒక్క మాట దొర్లినదా లేదా అన్నదే చూచుకొనవలసినది.